జాతీయ రహదారి 16 (కోల్‌కతా – చెన్నై): తరచుగా అడిగే ప్రశ్నలు

ఎన్‌హెచ్ 16 ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ముగుస్తుంది?

కోల్‌కతా పక్కన డంకుని దగ్గర, ఢిల్లీ నుంచి వచ్చే ఎన్‌హెచ్ 19ని కలిసే చోట మొదలై చెన్నైలో ముగుస్తుంది. మొత్తం పొడవు సుమారు 1,700 కిలోమీటర్లు. పశ్చిమ బెంగాల్, ఒడిశా, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు అనే నాలుగు రాష్ట్రాల మీదుగా పోతుంది కానీ వాటి వాటాలు సమానం కావు. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా వెయ్యి కిలోమీటర్లకు పైగా ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. ఒడిశాలో దాదాపు 490, తమిళనాడులో 45 కిలోమీటర్ల దాకా ఉంటుంది. కోల్‌కతా–చెన్నై రోడ్డు అని పేరే గానీ, సగానికి పైగా మన కోస్తా రోడ్డే.

దారిలో తగిలే ముఖ్యమైన ఊళ్లేమిటి? ఏ కూడలి నుంచి ఎటు పోవచ్చు?

బెంగాల్‌లో ధూలాగఢ్, ఉలుబేరియా, కోలాఘాట్, ఖరగ్‌పూర్, బెల్దా, దాంతన్. కోలాఘాట్‌లో ఎన్‌హెచ్ 116 హల్దియా ఓడరేవుకు చీలుతుంది. ఖరగ్‌పూర్ అసలైన మలుపు. అక్కడ నేరుగా పడమరకు సాగేది ఎన్‌హెచ్ 49, దక్షిణానికి తిరిగేది మన 16. నిద్రమత్తులో నేరుగా వెళ్లిపోయే డ్రైవర్లు ఇక్కడే దారి తప్పుతారు.

ఒడిశాలో జలేశ్వర్, బాలేశ్వర్, భద్రక్, చండీఖోల్, కటక్, భువనేశ్వర్, ఖుర్దా, బాలుగావ్, రంభ, గంజాం, ఛత్రపురం, బరంపురం వరసగా వస్తాయి. చండీఖోల్ నుంచి ఎన్‌హెచ్ 53 పారాదీప్‌కు, భువనేశ్వర్ నుంచి ఎన్‌హెచ్ 316 పూరీకి, ఖుర్దా నుంచి ఎన్‌హెచ్ 57 బలంగీర్ వైపు పోతాయి. బాలుగావ్ – రంభ మధ్య ఒక పక్క కొండలు, ఇంకో పక్క చిలికా సరస్సు. ఈ దారి మొత్తం మీద ఇంత అందమైన భాగం మరొకటి లేదు. పగటిపూట దాటేలా ప్రయాణం పెట్టుకోండి.

ఆంధ్రలో ఇచ్ఛాపురం, కంచిలి, పలాస, టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం, రణస్థలం, భోగాపురం, తగరపువలస, ఆనందపురం, అనకాపల్లి, ఎలమంచిలి, నక్కపల్లి, తుని, అన్నవరం, కత్తిపూడి, జగ్గంపేట, రాజానగరం, రాజమహేంద్రవరం, కొవ్వూరు, దేవరపల్లి, నల్లజర్ల, గుండుగొలను, ఏలూరు, హనుమాన్ జంక్షన్, గన్నవరం, విజయవాడ, మంగళగిరి, గుంటూరు, చిలకలూరిపేట, మార్టూరు, మేదరమెట్ల, ఒంగోలు, సింగరాయకొండ, కావలి, నెల్లూరు, గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ. నాతవలస నుంచి ఎన్‌హెచ్ 26 విజయనగరం, సాలూరు మీదుగా కొరాపుట్ పోతుంది. కత్తిపూడి నుంచి ఎన్‌హెచ్ 216 కాకినాడ, అమలాపురం, నరసాపురం, మచిలీపట్నం, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా తీరం వెంట తిరిగి ఒంగోలు దగ్గర మళ్లీ 16లో కలుస్తుంది. హైదరాబాద్ రోడ్డు ఎన్‌హెచ్ 65 విజయవాడలో, తిరుపతి వైపు వెళ్లే ఎన్‌హెచ్ 71 నాయుడుపేటలో తగులుతాయి.

తమిళనాడులో గుమ్మిడిపూండి, రెడ్‌హిల్స్, మాధవరం. అంతటితో చెన్నై వచ్చేస్తుంది.

పెద్దవాళ్లు ఇప్పటికీ ‘ఐదో నంబరు రోడ్డు’ అంటారు. 5 కాస్తా 16 ఎలా అయింది?

1956 నాటి జాతీయ రహదారుల చట్టం 1957 ఏప్రిల్ 15న అమలులోకి వచ్చింది. దాని షెడ్యూలులో ఎన్‌హెచ్ 5కు రాసిన దారి ఇది: బహరాగోడా దగ్గర ఎన్‌హెచ్ 6 నుంచి బయల్దేరి కటక్, భువనేశ్వర్, విశాఖపట్నం, విజయవాడలను కలుపుతూ మద్రాసు దాకా. అంటే పాత ఐదో నంబరు కోల్‌కతాకు వెళ్లేదే కాదు. బాలేశ్వర్ నుంచి బారిపదా మీదుగా బహరాగోడా చేరేది. కోల్‌కతా వెళ్లాలంటే ఆరో నంబరు ఎక్కాలి, లేదా బాలేశ్వర్ నుంచి ఖరగ్‌పూర్‌కు ఎన్‌హెచ్ 60 మీద పోవాలి.

2010లో దేశమంతటా నంబర్లు మార్చారు. ఉత్తర దక్షిణాలుగా సాగే రోడ్లకు సరిసంఖ్యలు, తూర్పు పడమరలుగా సాగే వాటికి బేసిసంఖ్యలు ఇచ్చారు. సరిసంఖ్యలు తూర్పున చిన్నవిగా మొదలై పడమరకు పోయేకొద్దీ పెరుగుతాయి. అందుకే తూర్పు తీరపు రోడ్డుకు 16, నడిమధ్య శ్రీనగర్–కన్యాకుమారి రోడ్డుకు 44, పడమటి తీరపు రోడ్డుకు 66 వచ్చాయి. పాత 6లోని కోల్‌కతా–ఖరగ్‌పూర్ ముక్క, పాత 60లోని ఖరగ్‌పూర్–బాలేశ్వర్ ముక్క, పాత 5లోని బాలేశ్వర్–చెన్నై భాగం, ఈ మూడూ కలిపితే నేటి 16. బాలేశ్వర్–బారిపదా ముక్క ఎన్‌హెచ్ 18లోకి పోయింది.

పాత నంబర్లు ఖాళీగా లేవు. నేటి ఎన్‌హెచ్ 5 పంజాబ్‌లోని ఫిరోజ్‌పూర్ నుంచి సిమ్లా మీదుగా షిప్కీ లా కనుమకు పోతుంది. నేటి ఎన్‌హెచ్ 60 పుణె, నాసిక్ వైపుది. పాత మ్యాపు, కొత్త మ్యాపు పక్కపక్కన పెట్టుకుని చదివేవారికి ఇక్కడే తికమక.

216, 316, 516, 216ఎ లాంటివి ఏమిటి?

16కు కొమ్మలు. చివరి రెండు అంకెలు తల్లి రోడ్డువి, ముందు అంకె కొమ్మ వరుసది. అక్షరం తగిలితే అది ఆ కొమ్మకు ఉపశాఖ. బోర్డు మీద 16తో ముగిసే మూడంకెల సంఖ్య కనిపించిందంటే ఆ రోడ్డు ఈ రహదారికి సంబంధించినదని అర్థం. ఆంధ్రలో ఎక్కువగా వాడకంలో ఉన్నవి 216, 216ఎ, రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, పాడేరు, అరకు మీదుగా విజయనగరం పోయే 516ఇ.

హైవేగా మారకముందు ఈ దారి చరిత్ర ఏమిటి?

ఉత్తరపు కొసన ఇది జగన్నాథుడి యాత్రికులు నడిచిన దారి. బెంగాల్ నుంచి మేదినీపూర్, బాలేశ్వర్, భద్రక్, కటక్ మీదుగా పూరీ పోయే బాటను, 1803లో ఒడిశా తీరం ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక, రోడ్డుగా వేశారు. దక్షిణపు కొసన మద్రాసు నుంచి బయల్దేరే గ్రేట్ నార్తర్న్ ట్రంక్ రోడ్డు ఉండేది. ఆ పేరు ఇప్పటికీ చెరగలేదు. రెడ్‌హిల్స్ వైపు జీఎన్‌టీ రోడ్డు అనే అంటారు. నెల్లూరులో, ఒంగోలులో ఊరి నడుమ ‘ట్రంకు రోడ్డు’ అంటున్నది ఈ పాత దారినే. ఏ ఊళ్లోనైనా ట్రంకు రోడ్డు అనే వీధి ఉంటే, బైపాస్ రాకముందు మద్రాసు–కలకత్తా బండ్లన్నీ ఆ వీధిలోనే నడిచాయని లెక్క.

పేరుకు ట్రంకు రోడ్డే అయినా 19వ శతాబ్దంలో దాని మీద ఏకబిగిన ప్రయాణం చేయలేకపోయేవారు. కారణం నదులు. కనుమల నుంచి సముద్రానికి దిగే ప్రతి నదినీ ఈ దారి అడ్డంగా దాటాలి. వంతెనలు లేని రోజుల్లో వానాకాలం వస్తే రోడ్డు ముక్కలు ముక్కలయ్యేది. అందుకే సరుకు సముద్రం మీద, కాలువల మీద ఎక్కువగా నడిచేది. పెదగంజాం నుంచి మద్రాసు దాటి మరక్కాణం దాకా తవ్విన బకింగ్‌హామ్ కాలువ ఈ రోడ్డుకు సమాంతరంగా ఉండటానికి కారణం అదే. 1890లలో తీరం వెంట రైలు మార్గం వచ్చాక దూర ప్రయాణికులు రైలెక్కారు, రోడ్డు చాలాకాలం వెనకబడింది.

ఈ రోడ్డు చరిత్ర అంటే మా దృష్టిలో వంతెనల చరిత్రే. 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తయ్యాక విజయవాడ దగ్గర హైవే దాని మీదుగానే కృష్ణను దాటేది. దిగువన కనకదుర్గ వారధి వచ్చాకే ఆ భారం తగ్గింది. రాజమహేంద్రవరం–కొవ్వూరు మధ్య రోడ్డు కం రైలు వంతెన 1974లో ప్రారంభమైంది. కానీ హైవే అటు పోకుండా కోనసీమ అంచున రెండు పాయలను విడివిడిగా దాటేది. జొన్నాడ–రావులపాలెం మధ్య గౌతమి, సిద్ధాంతం దగ్గర వశిష్ఠ.

నాలుగు వరుసలు ఎప్పుడయ్యాయి?

ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతాలను కలిపే స్వర్ణ చతుర్భుజి పథకంలో. 1999 జనవరిలో నాటి ప్రధాని వాజపేయి శంకుస్థాపన చేశారు. మొత్తం 5,846 కిలోమీటర్ల చతుర్భుజిలో కోల్‌కతా–చెన్నై భుజం పొడవు 1,684. నాలుగింటిలో పెద్దది ఇదే. పనులు ముక్కలుగా కాంట్రాక్టులకు ఇచ్చారు కాబట్టి ముక్కముక్కకూ నాణ్యత, సర్వీసు రోడ్ల వెడల్పు, అండర్‌పాస్‌ల సంఖ్య వేరుగా ఉంటాయి. తర్వాత ఆరు వరుసలకు పెంచడమూ అలాగే దశలవారీగా సాగింది.

గోదావరి దగ్గర కొవ్వూరు వైపు పోవాలా, రావులపాలెం వైపు పోవాలా?

దూర ప్రయాణమైతే కొవ్వూరు. ఇప్పుడు ఎన్‌హెచ్ 16 అంటే అదే. దివాన్‌చెరువు దగ్గర పక్కకు తిరిగి, 2015లో తెరిచిన నాలుగో వంతెన మీద గోదావరి దాటి, కొవ్వూరు, దేవరపల్లి, నల్లజర్ల మీదుగా గుండుగొలను దగ్గర పాత రోడ్డులో కలుస్తుంది. వంతెన పొడవే నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. స్థానికులు దీన్ని గామన్ బ్రిడ్జి అంటారు. కొవ్వూరు–గుండుగొలను మధ్య దాదాపు 70 కిలోమీటర్లు మెట్ట ప్రాంతం. ఊళ్లు తక్కువ, మలుపులు తక్కువ.

రావులపాలెం, తణుకు, తాడేపల్లిగూడెం మీదుగా పోయే పాత దారి ఇప్పుడు ఎన్‌హెచ్ 216ఎ. కడియం నర్సరీలకు, కోనసీమకు, భీమవరం వైపు పోయేవారికి అదే సరైనది. మ్యాపు యాప్ ఒక్కోసారి పాత దారినే చూపిస్తుంది. దివాన్‌చెరువు దాటాక బోర్డు మీది నంబరు చూసుకుంటే ఏ దారిలో ఉన్నారో తెలిసిపోతుంది.

విశాఖ, విజయవాడ నగరాల్లోకి పోకుండా దాటడం ఎలా?

విశాఖకు ఆనందపురం–పెందుర్తి–అనకాపల్లి రోడ్డు ఉంది. సబ్బవరం మీదుగా సుమారు 51 కిలోమీటర్లు, ఆరు వరుసలు. నగరంలో పని లేనివారు మధురవాడ, మద్దిలపాలెం, ఎన్ఏడీ, గాజువాక దారిలోకి దిగనవసరం లేదు.

విజయవాడది వేరే కథ. పాత దారి గన్నవరం, రామవరప్పాడు, బెంజ్ సర్కిల్, కనకదుర్గ వారధి మీదుగా పోతుంది. బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్లు వచ్చాక ఆ కూడలి చిక్కు బాగా తగ్గింది గానీ రామవరప్పాడు రింగు దగ్గర సాయంత్రాలు ఇప్పటికీ నెమ్మదే. నగరాన్ని పడమటి నుంచి చుట్టి పోయేందుకు వేసిన బైపాస్ చిన్నఅవుటపల్లి దగ్గర విడిపోయి, గొల్లపూడి దగ్గర ఎన్‌హెచ్ 65ను దాటి, కృష్ణ మీద కొత్త వంతెనతో అవతలికి చేరి, కాజ దగ్గర మళ్లీ కలుస్తుంది. చిన్నఅవుటపల్లి దగ్గర బోర్డు చూసి మళ్లండి.

దసరా ఉత్సవాలు, భవానీ దీక్షల విరమణ, పెద్ద సభల రోజుల్లో పోలీసులు భారీ వాహనాలను నగరం దరిదాపులకు రానివ్వరు. అప్పుడు విశాఖ–చెన్నై లారీలకు మామూలుగా ఇచ్చే మళ్లింపు ఇది: హనుమాన్ జంక్షన్, గుడివాడ, పామర్రు, చల్లపల్లి, అవనిగడ్డ, పెనుమూడి వారధి, రేపల్లె, బాపట్ల, చీరాల, త్రోవగుంట, ఒంగోలు. ఈ దారి చాలావరకు నాలుగు వరుసలు కాదు. రాత్రిపూట రెండు గంటలైనా ఎక్కువ వేసుకోండి. హైదరాబాద్ వెళ్లే లారీలను హనుమాన్ జంక్షన్ నుంచే నూజివీడు, మైలవరం, ఇబ్రహీంపట్నం మీదుగా పంపుతారు.

వానలకు ఏయే చోట్ల తెగుతుంది? ఎందుకు?

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా జాగ్రత్త. గోదావరి, కృష్ణ మీది పెద్ద వంతెనల దగ్గర సాధారణంగా ఇబ్బంది రాదు. తెగేది చిన్న నదులు, వాగుల దగ్గర, అదీ వంతెన కాదు, వంతెనను చేరే మట్టికట్ట. ఈ రోడ్డు నీటి వాలుకు అడ్డంగా వేసిన పొడవాటి కట్ట లాంటిది. తూముల్లో పట్టనంత నీరు వస్తే ఎగువ వైపు చెరువులా నిలుస్తుంది. మట్టం పెరిగి రోడ్డు మీదుగా పొర్లినప్పుడు దిగువ అంచున మట్టి కోసుకుపోతుంది. పైన తారు చెక్కుచెదరనట్టే కనిపిస్తుంది, కింద మాత్రం బోలుగా ఉంటుంది. నీరు తీసిన వెంటనే బండి పోనివ్వకపోవడానికి కారణం ఇదే. ముందు పోయిన లారీని నమ్మి వెనకే దిగకండి.

2015 నవంబరులో నెల్లూరు జిల్లా దక్షిణ భాగంలో, 2021 నవంబరులో పెన్న వరదకు కోవూరు–పడుగుపాడు దగ్గర రోడ్డు ఇలాగే తెగి రాకపోకలు నిలిచాయి. శ్రీకాకుళం వైపు ప్రమాదం గాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతంలో చెట్లు, స్తంభాలు కూల్చింది. తుపాను తీరం దాటుతుందని చెప్పిన సమయానికి ఆరు గంటల ముందే పెద్ద ఊరు చూసుకుని ఆగిపోవడం మంచిది. టోల్‌గేటు దగ్గరో, ధాబా రేకుల కిందో ఆగడం కాదు, గట్టి కట్టడంలో ఆగాలి.

వంతెనల మీద ఒక వైపు నున్నగా, ఇంకో వైపు దడదడలాడుతూ ఎందుకుంటుంది?

నాలుగు వరుసలు చేసినప్పుడు చాలాచోట్ల పాత రెండు వరుసల వంతెనను ఒక దిశకు ఉంచి, పక్కన కొత్తది కట్టి రెండో దిశకు ఇచ్చారు. పాతవాటికి చిన్న చిన్న స్పాన్‌లు (స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు), వాటి మధ్య ఎక్కువ జాయింట్లు. ఎండకు కాంక్రీటు సాగడానికి వదిలిన ఆ ఖాళీల్లో రబ్బరు, ఇనుప పట్టీలు అరిగితే ప్రతి జాయింటు దగ్గరా టైరు దభీమంటుంది. వాటిని మార్చేటప్పుడు ఒక వంతెన మూసి రెండు దిశల బండ్లనూ రెండో దాని మీదే నడుపుతారు. ‘డైవర్షన్’ బోర్డు కనపడగానే వేగం 40కి దించండి. అంతవరకు వన్‌వేలో వచ్చిన అలవాటుతో ఎదురు బండిని మరిచిపోయినప్పుడే గుద్దుకుంటున్నాయి.

టోల్ ఎలా లెక్కిస్తారు? తక్కువ పడే మార్గాలున్నాయా?

2008 నాటి రుసుము నిబంధనల ప్రకారం నాలుగు వరుసల రోడ్డుకు కారు మూల ధర కిలోమీటరుకు 65 పైసలు. ఏటా ఏప్రిల్ 1న దాని మీద 3 శాతం, అదనంగా టోకు ధరల సూచీ పెరుగుదలలో 40 శాతం కలుపుతారు. పెద్ద వంతెనలకు, బైపాస్‌లకు లెక్క వేరు. అందుకే పక్కపక్క టోల్‌గేట్లలో కూడా రేటు ఒకేలా ఉండదు. బైకులకు, ఆటోలకు, ట్రాక్టర్లకు రుసుము లేదు.

24 గంటల్లో అదే గేటు దాటి తిరిగొస్తే రానుపోను కలిపి ఒకవైపు ధరకు ఒకటిన్నర రెట్లే పడుతుంది. టోల్‌గేటుకు 20 కిలోమీటర్ల లోపు ఉండేవారు సొంత కారుకు స్థానిక నెలవారీ పాసు అడగొచ్చు. ఆధార్, ఆర్‌సీ చూపాలి. సొంత కార్లకు 2025 ఆగస్టు 15న మొదలైన వార్షిక పాసు ఇంకో మార్గం. మొదలైనప్పుడు ధర 3,000 రూపాయలు. 200 సార్లు గేటు దాటేదాకా లేదా ఏడాది దాకా, ఏది ముందైతే అది. విశాఖ–విజయవాడ మధ్య నెలకోసారి తిరిగేవారికి తప్పకుండా గిట్టుబాటవుతుంది.

ఫాస్టాగ్ లేకుండా వెళ్లి నగదు ఇస్తే రెట్టింపు, యూపీఐతో ఇస్తే ఒకటింబావు వంతు కట్టాలి. ఇది 2025 నవంబరు 15 నుంచి వచ్చిన నియమం. మీ ట్యాగులో డబ్బుండి, అది సవ్యంగా ఉండి, గేటు దగ్గరి యంత్రమే పనిచేయకపోతే రుసుము లేకుండా వదలాలి, సున్నా రసీదు ఇవ్వాలి. అడిగి తీసుకోండి.

బండి చెడిపోతే, ప్రమాదం జరిగితే ఏం చేయాలి?

హజార్డ్ లైట్లు వేసి వీలైనంత ఎడమ అంచుకు తీయండి. లోపలివారందరినీ దింపి ఇనుప కంచెకు అవతల నిలబెట్టండి. బండిలో గానీ బండి వెనక గానీ ఎవరూ ఉండకూడదు. ఎర్ర త్రికోణాన్ని కనీసం 50 మీటర్ల వెనక పెట్టండి, మలుపు ఉంటే మలుపుకు ముందే. త్రికోణం లేక రాళ్లు, కొమ్మలు పెడితే, బయల్దేరేముందు వాటిని తీసేయండి. రోడ్డు మీద వదిలేసిన రాయి ఆ రాత్రి ఏ బైకువాడి ప్రాణానికో వస్తుంది.

తర్వాత 1033కు ఫోన్ చేయండి. హైవే గస్తీ, క్రేన్, అంబులెన్స్ ఆ నంబరు ద్వారానే వస్తాయి. పసుపు తల ఉన్న కిలోమీటరు రాయి మీద సంఖ్య చెప్పండి కానీ సంఖ్య ఒక్కటే చాలదు. ఈ రోడ్డు కొలత ఏకబిగిన పోదు. పాత లెక్కలో చెన్నై నుంచి విజయవాడ దాకా ఒక వరుస, తర్వాత మళ్లీ మొదటి నుంచి, విశాఖ నుంచి ఉత్తరానికి ఇంకోసారి మొదటి నుంచి. కాబట్టి ఒకే సంఖ్య రెండు మూడు జిల్లాల్లో ఉండొచ్చు. దగ్గరి ఊరు, దాటిన టోల్‌గేటు పేరు, ఏ వైపు పోతున్నారన్నది కలిపి చెప్పండి.

గాయపడినవారికి 2025 మేలో నోటిఫై చేసిన పథకం కింద ప్రమాదం నాటి నుంచి ఏడు రోజుల వరకు, మనిషికి లక్షన్నర రూపాయల దాకా నగదు లేని చికిత్స ఉంది. ఆసుపత్రికి చేర్చినవారికి మోటారు వాహనాల చట్టంలోని 134ఎ సెక్షన్ రక్షణ ఇస్తోంది. భయపడి ఆగకుండా పోకండి.

రాత్రి ప్రయాణంలో ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి?

నాలుగు వరుసల రోడ్డు మీద కార్లకు గరిష్ఠ వేగం 100, లారీలకు, బైకులకు 80. రాత్రి వేళ ఇక్కడ 80 దాటకపోవడమే మేలు. ఎడమ వరుసలో లైట్లు లేకుండా ఆగిన లారీలు పెద్ద ప్రమాదం. యూటర్న్ దూరమని రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు, ట్రాక్టర్లు రెండోది. కోతల కాలంలో గోదావరి జిల్లాల్లో సర్వీసు రోడ్ల మీద ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు. కొల్లేరు చుట్టుపక్కల చేపల లారీల నుంచి కారే నీటికి రోడ్డు జారుతుంది.

మేదరమెట్ల దగ్గర డివైడర్ లేని వెడల్పాటి సిమెంటు రోడ్డు ఏమిటి?

విమానాల అత్యవసర రన్‌వే. కొరిశపాడు దగ్గర 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పు. 2022 డిసెంబరు 29న, 2024 మార్చి 18న వాయుసేన ఇక్కడ విమానాలతో పరీక్షలు జరిపింది. పరీక్షల రోజుల్లో బండ్లను పక్క రోడ్డుకు మళ్లిస్తారు. మిగతా రోజుల్లో మామూలు రోడ్డే. ఖాళీగా, తిన్నగా ఉందని వేగపు సరదా తీర్చుకోవద్దు.

మొత్తం దారి కారులో ఎన్ని రోజులు?

తొందర లేకుండా నాలుగు. కోల్‌కతా నుంచి భువనేశ్వర్, అక్కడి నుంచి విశాఖ ఒక్కోటి 440 కిలోమీటర్ల చొప్పున. విశాఖ–విజయవాడ 350, విజయవాడ–చెన్నై 450కి కాస్త తక్కువ.

మా స్థలం దస్తావేజుల్లో సరిహద్దు ‘ఎన్‌హెచ్ 5’ అని ఉంది. మార్పించాలా?

అక్కర్లేదు. రోడ్డు మారలేదు, నంబరే మారింది. కొత్త దస్తావేజులో ‘పూర్వపు ఎన్‌హెచ్ 5, ప్రస్తుతం ఎన్‌హెచ్ 16’ అని రాయిస్తే చాలు. దివాన్‌చెరువు–గుండుగొలను పాత దారి పక్క స్థలమైతే ‘216ఎ’ అని రాయించాలి. విస్తరణ కోసం భూమి తీసుకుంటూ జాతీయ రహదారుల చట్టంలోని 3ఎ సెక్షన్ కింద నోటిఫికేషన్ వస్తే మాత్రం ఆలస్యం చేయకండి. గెజిట్‌లో ప్రచురించిన నాటి నుంచి 21 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి. సర్వే నంబరు, విస్తీర్ణం, స్థలంలోని బోరు, చెట్లు, కట్టడాలు సరిగా నమోదయ్యాయో లేదో అప్పుడే చూసుకోండి. అదే చట్టంలోని 3డి సెక్షన్ కింద ప్రకటన వెలువడగానే భూమి కేంద్ర ప్రభుత్వానిదవుతుంది. ఆ తర్వాత వాదించడానికి మిగిలేది ప్రధానంగా పరిహారం మొత్తమే.